లష్కరు పొయ్యిలు

హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున, 1798 నాటి సంధిని పురస్కరించుకొని వచ్చి దిగిన కుంపిణీ పటాలములకు నెలవై, 1806లో నిజాము సికందర్‌జా పేరు దాల్చి సికింద్రాబాదైన పట్టణమును, చుట్టుపట్ల జనము నేటికిని లష్కరనియే వ్యవహరించుచున్నారు. ఆ పటాలముల తుపాకులను గూర్చియు, కవాతులను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది గలరు. వేలకొలది సిపాయిల యన్నము ఏ కట్టెలపై నుడికినదో, గుఱ్ఱములకు పెట్టు ఉలవలు ఏ పొయ్యిపై కాగినవో, చాకలి బానల క్రింద వానకాలమున మంట ఎట్లు నిలిచినదో వ్రాసినవారు అరుదు. ఇందుకు కారణము తెలియనిది కాదు. పొయ్యి ఆడువారి చేతిక్రిందను, వంటవారి చేతిక్రిందను ఉండెను. వారికి వ్రాయు తీరిక లేదు. అయినను, అంటించిన పొయ్యిని ఆరిపోకుండ నిలుపుట యను చిన్నపని చుట్టును లష్కరులో నూటయేబది సంవత్సరములపాటు ఎంత బుద్ధి పనిచేసినదో, ఎంత బుద్ధి వృథాయైనదో విచారించుట నిష్ప్రయోజనము కాదని నా తలంపు.

అన్నిటికన్న ప్రాచీనమైనది మూడురాళ్ల పొయ్యి. దక్కను పీఠభూమిపై రాళ్లకు కొఱత లేదు గనుక దండు ఎక్కడ దిగిన నక్కడ పొయ్యి సిద్ధము. రాళ్ల నడుమ మూడువైపుల సందులుండుటచే గాలికి అడ్డులేదు. కట్టె కొంత పచ్చిదైనను, వంటవాడు అనుభవము లేనివాడైనను ఆ మంట ఎట్లో మండుచునే యుండును. అయితే ఆ గాలియే వేడిమిని గిన్నెకు తగులనీయక ప్రక్కలకు కొట్టుకొనిపోవును గనుక, కట్టెలు అపారముగా ఖర్చగును. ఇంటిలోపల వండువారు ఈ నష్టమునకోర్వక, రాళ్లను మట్టితో కలిపి మూడువైపుల మూసి, ముందువైపు మాత్రము నోరుంచి, పేడతో అలికి, పైన మూడు గుబ్బలు నిలిపిరి. గిన్నె ఆ గుబ్బలపై కూర్చున్నప్పుడు గిన్నెకును పొయ్యియంచునకును నడుమ వ్రేలెడు సందు మిగులును. చూచువారికి అది కట్టినవాని అశ్రద్ధవలె గానవచ్చును గాని, పొయ్యికి ప్రాణమంతయు ఆ సందులోనే కలదు. వేడెక్కిన గాలి తేలికయై ఆ దారిని పైకి లేచిపోయినగాని, చల్లగాలి నోటినుండి లోనికి రాదు; పోవుదారి మూసికొన్న పొయ్యికి వచ్చుదారి యెంత తెఱచినను ఫలము లేదు. ఏండ్ల తరబడి అలుకుచుండగా గుబ్బలు పూడి, గిన్నె అంచుకానుకొని కూర్చున్ననాడు, మంట నోటినుండి వెలుపలికి వచ్చి, పొగ గ్రక్కి, సన్నగిల్లును. అట్టి సమయమున కట్టెను తిట్టుట లోకాచారము.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో కాపురముండిన మా మేనత్త కట్టెను తిట్టెడిది కాదు. ఆరుచున్న పొయ్యి ముందు మోకాళ్లపై వంగి, ఊదుగొట్టముతో కన్నులు ఎఱ్ఱబడువఱకు ఊదు పిల్లలను ప్రక్కకు జరిపి, “ఊదకు బిడ్డా, ముందుగాల బూడిద తియ్యి” అనెడిది. నాలుగైదు పూటల బూడిద పేరుకొని పొయ్యిగర్భము నిండినప్పుడు కట్టె అడుగున గాలి చొరదు. ఊదినంతసేపు నిప్పు వెలుగును, ఊపిరి ఆగినంతనే నల్లబడును. అయితే ఆమె బూడిద యంతయు ఊడ్చివైచెడిది కాదు. అడుగున పలుచని పొరను విడిచి, ఆ పొరమీద రాత్రి నిప్పులను చేర్చి, చితుకులు పేర్చి, వాని నడుమ చిన్న గూడువంటి ఖాళీ నుంచి, పైన రెండు చీల్చిన కట్టెలను ఒకదానికొకటి అంటీ అంటకుండ ఉంచెడిది. కట్టె ఒంటరిగా మండదనుట అనుభవసిద్ధము: దాని సెగను తిరిగి దానికే యిచ్చు తోడుకట్టె ఎదుట లేనిచో, మొన కాలి, బొగ్గై, చల్లారును. మరీ దగ్గరగా చేర్చినచో నడుమ గాలి యాడక రెండును ఆరును. ఈ అంగుళము దూరమును ఏ పుస్తకమును చెప్పినట్లు నేనెఱుగను.

కట్టెకు దోషము లేదని దీని యర్థము కాదు. చివరనుండి నురుగు కారుచు, సుయ్యిమని ధ్వనించుచు, తెల్లని దట్టపు పొగ వెడలించు కట్టె నీరున్నదని తానే చెప్పుకొనుచుండును. అప్పుడే కొట్టిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. నీడన ఆరబెట్టిన కట్టెలో అయిదవ వంతో, అంతకు తక్కువయో మిగులును. ఒక కిలో మరుగునీటిని ఆవిరిగా మార్చుటకు 540 కిలోకేలరీల వేడిమి వలయును గనుక, పచ్చికట్టె తన వేడిమిలో కొంతభాగమును తన్ను తాను ఎండబెట్టుకొనుటకే వెచ్చించి, గిన్నెకు అంతమేర తక్కువ మిగుల్చును. ఇందులో వర్తకపు మర్మము కూడ నొకటి కలదు. కట్టెలు మణుగుల లెక్కన తూచి అమ్మెడివారు. హైదరాబాదులో కట్టెలమండి యను పేటకు ఆ పేరు వచ్చినంతటి వ్యాపారమది. తూకమున అమ్ము సరకును ఎండబెట్టి తేలిక చేసికొనుటకు ఏ వర్తకుడు సమ్మతించును? తుమ్మకట్టె కొన్న గృహిణి, తెలిసియో తెలియకయో, కట్టె ధరకు నీరు కొనుచుండెను. ఎఱిగినవారు ఎండకాలముననే బండ్లకొలది తెప్పించి, చీల్పించి, పొయ్యికి మీదుగా నున్న అటకపై పేర్చుకొని, పొయ్యి పొగచేతనే వానిని ఎండించుకొనెడివారు. అద్దెయిండ్లలో నుండి ఏ పూటకాపూట కొనుక్కొనువారికి ఆ భాగ్యము లేదు; కట్టెల విషయమున పేదవానికే ఖర్చు హెచ్చు.

ఈ చిక్కు ఏటేట పరాకాష్ఠ నందునది ఆషాఢమాసమున. 1813లో ఉజ్జయినిలో నున్న సైనికదళమున డోలీ మోయుచుండిన సురిటి అప్పయ్య, హైదరాబాదు నగరమున కలరా చెలరేగినదని విని అచ్చటి మహాకాళికి మ్రొక్కుకొని, 1815లో తిరిగివచ్చి లష్కరులో అమ్మవారిని ప్రతిష్ఠించెనని చెప్పుకొందురు. నాటినుండి లష్కరు బోనాలు సుప్రసిద్ధములు. క్రొత్తకుండలో బోనము వండవలసినది సరిగా తొలకరి దాటి ముసురు పట్టు దినములలో. దేవికి వండు పొయ్యి నడుమ ఆరుట ఇంటి ఇల్లాలికి ఎంత వెఱపో వేఱుగా చెప్పనక్కఱలేదు. అందుచే బోనమునకు ప్రత్యేకముగా ఎండుకట్టెను మూలదాచు గృహములు పెక్కులుండెడివి.

దొరల బంగళాల సంగతి వేఱు. తిరుమలగిరి, బొల్లారము దిక్కున పెద్ద తోటల నడుమ కట్టిన బంగళాలలో వంటయిల్లు భవనమునకు దూరముగా, సేవకుల గదుల ప్రక్కను ఉండెను. పొగ కంటబడకుండుటకు దొరలు కనిపెట్టిన ఉపాయము పొగను పోగొట్టుట కాక, వంటవానిని దూరముగా నుంచుట. మద్రాసు సైన్యపు అధికారి కెన్నీ-హెర్బర్టు, ‘వైవెర్న్’ అను మాఱుపేరుతో 1878లో ప్రకటించిన పాకశాస్త్రగ్రంథమున ఈ దేశపు వంటయిండ్ల దుస్థితికి ఒక వ్యాసమునే కేటాయించెను. సికింద్రాబాదు మద్రాసు సైన్యమునకు ముఖ్యస్థానములలో నొకటి గనుక ఆ మాటలు ఇచ్చటి బంగళాలకును చెల్లును. ఆయన వ్రాసిన పిదపను ఆ వంటయిండ్లలో పెద్ద మార్పు రాలేదు.

నిప్పును శాస్త్రప్రకారము నిలుపు విద్య లష్కరునకు వేఱొక ద్వారమున వచ్చినది. 1874లో వాడినుండి సికింద్రాబాదుకు రైలు వచ్చెను. 1893లో లాలాగూడలో నిజాము రైల్వే కర్మాగారము వెలసెను. ఈ నడుమ ఇల్లెందు ప్రాంతమున రాక్షసిబొగ్గు త్రవ్వకము సాగి, ఆ బొగ్గు ఇంజనుల పొట్టలకు చేరెను. ఇంజనుపై ఫైరుమాను నేర్చునదంతయు గాలిశాస్త్రమే. సిలిండరులలో పనిచేసి వచ్చిన ఆవిరిని పొగగూటి క్రింద సన్నని మూతినుండి పైకి వదలుటచే, అది పొగను తనతో నీడ్చుకొని పోవును; ఆ లాగుడుచే అడుగు జల్లెడనుండి గాలి నిప్పులోనికి దూరును. ఇంజను నిలిచియున్నప్పుడు ఆ లాగుడుండదు గనుక, వేఱొక గొట్టము ద్వారా ఆవిరిని వదలి మంటను నిలుపుదురు. బొగ్గును కొంచెము కొంచెముగా, మాటిమాటికి, పలుచగా చల్లవలెను. కుప్పగా పోసినచో మంట అణగును. జల్లెడపై గట్టిపడిన చిట్టెమును కొక్కెముతో ఛేదించి తీయవలెను. లాలాగూడ, మెట్టుగూడ, చిలకలగూడ పేటలలో ఇండ్లయిండ్ల ఈ విద్య తెలిసినవారుండిరి. ఆశ్చర్యమేమనగా, పగలంతయు పొగగొట్టము మహిమచే వందల టన్నుల బండిని లాగించి వచ్చిన మగవాడు, సాయంకాలము పొగగొట్టము లేని గదిలో భార్య ఊదుచున్న పొయ్యి ప్రక్కను కూర్చుండి, ఆ పొగలోనే టీ త్రాగెడివాడు. ఆ విద్య గడపదాటి లోపలికి రాలేదు. మగవారు ఇవ్వలేదా, ఆడువారు అడుగలేదా యని విచారించితిని. ఎవరికిని తోచకపోవుటయే నిజమని నాకు తోచుచున్నది.

కట్టె ప్రియమైన దినములలో రంపపుపొట్టు పొయ్యి వాడుకలోనికి వచ్చెను. కోతమిల్లులో కట్టెకన్న కారుచౌకగా దొరకు పొట్టును ఉపయోగించు ఈ పరికరము, తన నిర్మాణముననే అగ్నిసూత్రమును చూపుచుండును. డబ్బావంటి రేకు పొయ్యి. దాని ప్రక్కన అడుగుకు చేరువగా చేయి దూరునంత రంధ్రము. నడుమ నొక సీసానో, రోకలిబండ ముక్కనో నిలువుగా నిలిపి, ప్రక్కరంధ్రమునుండి యొక కఱ్ఱను అడ్డముగా దూర్చి రెంటిని కలిపి, చుట్టును పొట్టుపోసి గట్టిగా కూరవలెను. తరువాత అడ్డకఱ్ఱను ప్రక్కకును, నిలువుసీసాను పైకిని మెల్లగా త్రిప్పుచు తీసినచో, పొట్టులో ఎల్ అక్షరమువంటి సొరంగ మేర్పడును. అడుగున నొక కాగితమును గాసునూనెతో తడిపి అంటించిన చాలును. పొట్టు తన గోడలను తానే కాల్చుకొనుచు గంటలకొలది ఊదు అవసరములేక మండును. సరిగా కూరని పొట్టు మధ్యలో విఱిగి సొరంగములో పడినదా, ఆ క్షణమే గాలిదారి మూసికొని పొయ్యి యంతయు పొగకుండ మగును. అన్నము సగము ఉడికియుండగా మరల మొదటినుండి కూరవలెను. పొట్టు కొంచెము చెమ్మగా నున్నచో గట్టిగా నిలుచును గాని అంటదు, పొడిగా నున్నచో అంటును గాని నిలువదు. ఈ రెంటి మధ్య పదును చేతివ్రేళ్లకే తెలియును.

ఇంతవఱకు చెప్పినదంతయు పేరులేనివారి చరిత్ర. 1953లో మాత్రము హైదరాబాదునుండి ఒక పేరుగల ప్రయత్నము ప్రపంచదృష్టికి వచ్చెను. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయపు డాక్టరు ఎస్. పి. రాజుగారు ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అను చిన్నపుస్తకమును ఆ సంవత్సరము మద్రాసున ప్రకటించిరి. ఆనకట్టలును, కాలువలును, నేలలును పరీక్షించుటకై వెలసిన పరిశోధనాలయము పేదవాని వంటయింటిలోనికి తొంగిచూచుట ఆ కాలమున విడ్డూరముగా తోచియుండును. ఆలోచించినచో విడ్డూరమేమియు లేదు. నీటిని వలసిన దిక్కునకు నడిపించుట తెలిసినవారికి పొగను నడిపించుట దూరపు పని కాదు, రెండును ప్రవాహములే. వార్ధాలోని మగన్‌వాడిలో అంతకు కొన్ని యేండ్ల ముందే మగన్ చుల్లా యను పొయ్యి రూపొందియుండెను. పరిశోధనాలయపు ఆంగ్లనామము తొలి యక్షరములనుబట్టి ‘హెర్ల్ చుల్లా’ యని పేరొందిన రాజుగారి పొయ్యి, ఆ త్రోవలోనే మఱికొంత ముందుకు పోయెను.

దాని నిర్మాణము సామాన్యము. మట్టి, ఇటుకలు, మట్టిగొట్టములు: పల్లెలో దొరకనిది లేదు. కట్టె పెట్టు నోరొక్కటే. లోపల సొరంగముగా సాగిన దారిపై వరుసగా గిన్నెలకు రంధ్రములు. మంట మొదటి గిన్నెను తాకి, వేడిగాలి తక్కిన వానిని తాకి, చివర పొగగొట్టమున పైకిపోవును. పొగగొట్టము దారిలో లాగి నెట్టుటకు వీలుగా నొక రేకుతలుపు. పొగనుండి, మసినుండి, సెగనుండి, వృథానుండి, అగ్నిప్రమాదమునుండి అయిదు విముక్తులు దీనివలన కలుగునని రాజుగారు వాగ్దానము చేసిరి. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజవికాస పథకము అప్పుడప్పుడే ఊపందుకొనుచుండెను. పొగలేని పొయ్యిలు కట్టించుట గ్రామసేవికల విధులలో చేరెను. వంటగదిలో నిలుచుండి ఊపిరి పీల్చుకొనవచ్చునను మాటయే ఆనాటి ఇల్లాండ్రకు ఒక స్వాతంత్ర్యము.

ఆ పొయ్యి మాత్రము నిలువలేదు. పలుయిండ్లలో కొన్నాళ్లు మండి, పొగలు చిమ్మి, పిమ్మట మూల పడెను. ఇల్లాలు మరల మూడురాళ్లనే ఆశ్రయించెను. దీనికి ఆడువారి మూఢత్వము కారణమని ఉద్యోగులు తేల్చిరి. నేనట్లు తలంపను. పొగగొట్టముగల పొయ్యి మూడురాళ్ల పొయ్యివలె క్షమాగుణము గలది కాదు. దానికి నియమములు గలవు. వానిని ఎవరును ఇల్లాలికి సాకల్యముగా చెప్పలేదు. తెల్లవారుజామున గొట్టము చల్లగా నుండును గనుక, అందలి చల్లగాలి బరువై క్రిందికే దిగుచుండును. అట్టి వేళ నోటిలో పుల్లలంటించిన పొగ ఇంటిలోనికే వచ్చును. ముందుగా పొగగొట్టము మొదట గుప్పెడు ఎండుటాకులు కాల్చి గొట్టమును వెచ్చచేసినచో లాగుడు మొదలగును. రెండవ రంధ్రముపై గిన్నె లేకుండ మొదటి దానిపై మాత్రము వండినచో, గాలి నోటినుండి వచ్చుటకు మాఱు ఆ తెఱచిన రంధ్రమున సులభముగా దూరి నేరుగా గొట్టములోనికి పోవును. మంట ఆకలితో చచ్చును. మూతపెట్టిన సరిపోవును. గిన్నెల విషయమును ఇట్టిదే: అచ్చునకు రంధ్రము చేసిన మేస్త్రి ఒక కొలత తీసికొనెను, ఇంటిలో సత్తుగిన్నె, ఇత్తడి తపేలా, మట్టికుండ మూడును మూడు కొలతలు. అంచుల వెంట సందున్నంతకాలము పొయ్యి చిల్లిపడిన తిత్తియే.

రేకుతలుపు మఱింత చిక్కు. అంటించునపుడు పూర్తిగా తీసి, మంట అందుకొన్న తరువాత సగము మూయవలెను. ఎప్పుడును తీసియుంచిన యింట కట్టె గడ్డివలె భగ్గుమని కాలి, వేడిమి యంతయు ఆకాశము పాలయ్యెను. ఎప్పుడును మూసియుంచిన యింట వంటగది పొగబావి యయ్యెను. చీల్చని పొడుగు మొద్దులు దూర్చుటకై నోరు పెద్దది చేసికొన్నవారును గలరు. ఆ నోటినుండి చల్లగాలి వెల్లువగా వచ్చి నిప్పును చల్లార్చెను. అన్నిటికన్న పెద్ద కారణము మసి. పచ్చికట్టె పొగ పైకెక్కుచు గొట్టపు చల్లని గోడలను తాకి, తారువలె జిగురుగా అంటుకొని, నెలనెలకు దారిని ఇఱుకు చేయును. త్రాటికి గుడ్డకట్టి పైనుండి దింపి తుడుచుట గడియలో అగు పని. అయితే పొయ్యి ఆడుదాని సొత్తు, కప్పు మగవాని సొత్తు. కప్పెక్కి గొట్టము తుడుచు పని ఎవరిదని పథకమున ఎక్కడను వ్రాయలేదు.

మఱియొక సంగతి. ఇంటినిండ పొగ నిండియుండుట కేవలము శత్రువని ఆనాటివారు తలంపలేదు. గడ్డికప్పులో పురుగు చేరకుండ కాచునది ఆ పొగయే. అటకమీది ధాన్యమును, కట్టెను కాచునదియు అదియే. దోమల మాటకు వచ్చినచో, వానినుండియే మలేరియా వచ్చునని లోకమునకు ఎఱుకపఱచుటకు మార్గము తీసిన రొనాల్డు రాసు, దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది 1897 ఆగస్టు 20న ఈ సికింద్రాబాదుననే, బేగంపేటలో. ఆ సంగతి తెలియని ఇల్లాలు కూడ సంజవేళ పొయ్యిపొగను ఇంటిలో నిలువనిచ్చుటకు ఒక కారణము గలది. పొగగొట్టము ఆ కాపుదలను తీసివేసి, దాని స్థానమున దేనిని ఇవ్వలేదు.

తరువాతి కథ పలువురెఱిగినదే. 1961లో ఆహార వ్యవసాయ సంస్థ పక్షమున సింగరు అను నిపుణుడు ఇండోనేషియా ప్రభుత్వమునకు కట్టెపొయ్యిల సంస్కరణమును గూర్చి నివేదిక నొసంగెను. 1983లో మన కేంద్రప్రభుత్వము మెఱుగుపఱచిన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ప్రారంభించి, 2002లో విరమించులోపల మూడుకోట్లకు పైగా పొయ్యిలను పంచెను. ఆ కాలముననే పరీక్షాశాలలలో కొలచి చూడగా, మెఱుగైనవన్న పొయ్యిలలో పెక్కింటికి మూడురాళ్ల పొయ్యిని మించిన పొదుపు లేదని తేలెను. గిన్నె నొకచోట, మంట నొకచోట ఉంచి, నడుమ మట్టిగోడను వేడిచేయుటయే ఇందుకు హేతువు. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు దీపం పథకము పొదుపుసంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షనులు ఇప్పించెను. 2016 మే 1న ఉజ్జ్వల యోజన వచ్చెను. లష్కరు గృహములలో కట్టెపొయ్యి బోనము నాటికిని, పెండ్లివారి గాడిపొయ్యికిని పరిమితమయ్యెను.

నిప్పు నిలుపువిద్యను వృత్తిగా సాగించువారు ఇప్పుడు రంజాను మాసమున కనిపింతురు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీము, ఇటుకలు మట్టి కలిపి కట్టిన భట్టీపై, రాగిపాత్రలో, కట్టెల మంటతో ఇంచుమించు పండ్రెండు గంటలు ఉడుకవలెను. సికింద్రాబాదు హోటళ్ల ముంగిట రాత్రి వేళ ఈ భట్టీలను చూచితిని. గోధుమలు, మాంసము అడుగంటకుండ నొకడు పెద్ద కఱ్ఱతో మెదుపుచుండగా, వేఱొకడు భట్టీ నోటియొద్ద కూర్చుండి, చేయి చాపి సెగ చూచుకొనుచు, మొద్దును ముందుకు నెట్టుటో వెనుకకు లాగుటో చేయుచుండును. ఊదుగొట్టము వానిచెంత లేదు. మంట హెచ్చినదని తోచినప్పుడు నీళ్లు చల్లడు. రెండు మొద్దులను ఒకదానినుండి ఒకటి దూరము చేయును. తగ్గినప్పుడు క్రొత్త కట్టె వేయుటకు ముందు, ఇనుపకఱ్ఱతో బూడిదను నోటిప్రక్కకు లాగి, నిప్పులను వెనుకగోడకు చేర్చి, వానిమీద సన్నపేళ్లు రెండు పరచి, అవి అంటుకొన్న తరువాతనే పెద్దమొద్దును లోపలికి నెట్టును.